సాయంత్రం ఐదు గంటల ఫోను: ఒక డ్రైవర్ కేసు

తాగి బండి నడిపి పట్టుబడ్డ ఆ డ్రైవర్ మా కౌన్సెలింగ్ గదికి మొదటిసారి వచ్చింది 2025 మార్చిలో. వెంట భార్య వచ్చింది. వయసు 38. అనంతపురానికి దగ్గరలోని పల్లె, సొంత పికప్ వ్యాన్, దాని మీద ఫైనాన్స్ వాళ్లకు నెలనెలా కట్టాల్సిన కంతు. పొలాల్లో టమోటా బాక్సులు ఎత్తుకుని తెల్లవారేలోపు కక్కలపల్లి మార్కెట్‌కు చేర్చడం అతని పని. టమోటా లేని నెలల్లో చీనీకాయలు (బత్తాయిలు), అవీ లేకపోతే ఇటుకలు. అతన్ని గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను. ఈ రాతను భార్యాభర్తలిద్దరికీ చదివి వినిపించి, వాళ్లు సరేనన్న తర్వాతే బయటపెడుతున్నాను.

ఫిబ్రవరిలో ఒక పెళ్లి భోజనం ముగించుకుని మోటారు సైకిల్ మీద ఇంటికి వస్తూ, రాత్రి పదిన్నరకు తనిఖీలో పట్టుబడ్డాడు. యంత్రంలో ఊదిస్తే 112 చూపింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. కోర్టులో పది వేలు జరిమానా కట్టాడు. 2019లో చట్టాన్ని సవరించక ముందు అది రెండు వేలే. ఆ రెండు వేల సంగతి గానీ, ఈ పది వేల సంగతి గానీ రసీదు చేతికి వచ్చేదాకా అతనికి తెలియదు. జరిమానా పెంచితే జనం భయపడతారని వాదించేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను. తెలియని అంకెకు ఎవరూ భయపడరు.

భార్య బాధ వేరు. "మళ్లీ పట్టుకుంటే జైలంటున్నారు మేడమ్. ఈయన లోపలికి పోతే కంతు ఎవరు కట్టాలి?" అంది. అతను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "ఆ రోజు బైపాస్ మీద వచ్చుంటే దొరికేవాణ్ణి కాదు" అన్నాడు.

ఈ 'దొరకడం' అన్న మాటను నా నోటు పుస్తకంలో గుండ్రం చుట్టి పెట్టుకున్నాను. అతని దృష్టిలో ఆ రాత్రి జరిగిన తప్పు తాగడం కాదు, నడపడం కాదు, దారి ఎంచుకోవడం. డ్రైవర్ల ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. ఫలానా సర్కిల్ దగ్గర పోలీసులు నిలబడ్డారని ఎవరో ఒకరు పెడతారు, మిగతావాళ్లు సందుల్లో తిరిగి వెళ్లిపోతారు. తనిఖీ ఎప్పుడూ రాత్రి తొమ్మిది, పదకొండు గంటల మధ్యే, ఎప్పుడూ అవే రెండు మూడు చోట్లే జరిగితే ఆ గ్రూపుకు పని సులువు. చట్టం మీద భయం ఆ రెండు గంటలకు, ఆ మూడు కూడళ్లకు కుదించుకుపోతుంది.

తాగుడు అలవాటు ఎంత ముదిరిందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'ఆడిట్' ప్రశ్నావళి పెట్టాను. పది ప్రశ్నలు, గరిష్ఠంగా 40 మార్కులు. ఎనిమిది లేదా అంతకు మించి వస్తే ప్రమాదకరమైన అలవాటు. ఇరవై లేదా అంతకు మించి వస్తే వ్యసనంగా మారి ఉండవచ్చని అనుమానించాలి. అతనికి 17 వచ్చాయి. వారంలో నాలుగు రాత్రులు తాగేవాడు. పొద్దున లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, మందు పడితే గానీ నిలబడలేకపోవడం వంటివి లేవు. అవి ఉన్నవాళ్లను ఒక్కసారిగా మానమని ఇంటికి పంపడం ప్రాణాపాయం, వాళ్లను వైద్యుడి దగ్గర ఆసుపత్రిలోనే ఉంచి మాన్పించాలి. ఇతనికి ఆ అవసరం లేదు కాబట్టి వారానికోసారి వచ్చి మాట్లాడితే చాలని నిర్ణయించాం.

మేం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎక్కడికైనా తాగే పనికి వెళ్తుంటే మోటారు సైకిల్ తాళం ఇంట్లో గూటిలో పెట్టి, బస్సులోనో ఇంకొకరి బండి మీదో వెళ్లాలి. తాగి ఇంటికి వచ్చిన రాత్రి వ్యాన్ తాళం భార్య దగ్గర ఉండాలి. తాగిన మనిషి ఆలోచన మీద నాకు నమ్మకం లేదు. మందు మొట్టమొదట దెబ్బతీసేది 'ఇప్పుడు నేను బాగానే ఉన్నానా' అని తూచుకునే శక్తినే. అందుకే తాళం సంగతి మొదటి గ్లాసుకు ముందే తేలిపోవాలి.

నాలుగు నెలలు ఇద్దరూ నిష్ఠగా పాటించారు. భార్య గోడ క్యాలెండర్ మీద తాగిన రోజుకు ఒక గీత, తాళం తన చేతికి వచ్చిన రోజుకు ఇంకో గీత పెట్టేది. గీతలు జంటగా ఉండేవి. తాగే రాత్రులు నాలుగు నుంచి రెండుకు తగ్గాయి. మా నెలవారీ సమావేశంలో బాగుపడిన కేసుగా దీన్ని చెప్పాను కూడా.

జూలైలో ఒక తెల్లవారుజామున ఐదు గంటల నలభై నిమిషాలకు, రాప్తాడు దాటాక, టమోటా లోడుతో ఉన్న వ్యాన్‌ను పోలీసులు ఆపారు. ఊదిస్తే 58.

భార్య ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. అతను రెండు రోజుల తర్వాత వచ్చాడు. అంత కోపంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు. "మీరు చెప్పినట్టే చేశాను మేడమ్. తాగాను, తాళం ఆమెకు ఇచ్చాను, పడుకున్నాను. పొద్దున లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి బయలుదేరాను. చుక్క ముట్టలేదు. ఇంకేం చేయాలి?"

అతను అబద్ధం చెప్పడం లేదు. మూడున్నరకు తాళం తిరిగి ఇచ్చింది భార్యే. లోపం నా ప్రణాళికలో ఉంది.

ఆ రోజు తెల్ల కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. అప్పటి నుంచి ప్రతి డ్రైవర్‌తోనూ ఈ లెక్క వేయిస్తున్నాను కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తాను. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే క్వార్టర్‌లో 77 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్, తూకంలో సుమారు 60 గ్రాములు. అతని బరువు 62 కిలోలు. మగవాళ్ల శరీరంలో ఆల్కహాల్ కలిసే భాగం బరువులో మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువ. ఆ ప్రకారం ఒక్క క్వార్టర్‌కే రక్తంలో వంద మిల్లీలీటర్లకు దాదాపు 144 మిల్లీగ్రాములు చేరుతుంది. కాలేయం గంటకు 15, మహా అయితే 20 మిల్లీగ్రాములు తగ్గిస్తుంది. ఎవరు ఎంత తొందరపెట్టినా దాని వేగం అంతే. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, చన్నీళ్ల స్నానం చేసినా, వాంతి చేసుకున్నా రక్తంలోకి చేరిపోయింది అక్కడే ఉంటుంది.

ఆ రాత్రి అతను తాగింది క్వార్టర్ కాదు, క్వార్టరున్నర. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ముగించాడు. లెక్క ప్రకారం చేరాల్సింది 216. మొదటి గుక్క నుంచి ఐదు నలభైకి తొమ్మిది గంటల పది నిమిషాలు. గంటకు 17 చొప్పున తీసేస్తే మిగిలేది 60. యంత్రం చూపింది 58. కాగితం మీది అంకెను, పోలీసుల చీటీ మీది అంకెను పక్కపక్కన పెట్టి అతను చాలాసేపు చూశాడు.

పొరపాటు ఒక మాటలో ఉంది. మనం 'మత్తు దిగింది' అంటాం, 'మందు దిగింది' అనీ అంటాం, రెండూ ఒకటే అనుకుంటాం. నిద్రతో మత్తు దిగినట్టు అనిపిస్తుంది, మందు మాత్రం ఇంకా నెత్తురులో తిరుగుతూ ఉంటుంది. పైగా తాగిన నిద్ర నిద్ర కాదు. నడిరాత్రి తర్వాత పదే పదే తెగిపోతుంది. తెల్లవారుజామున జాతీయ రహదారి ఎక్కే డ్రైవర్‌కు రక్తంలో మిగిలిన మందు ఒకటి, చాలని నిద్ర ఇంకొకటి. చూపు ముందుకే ఉంటుంది గానీ, ఆగిన లారీని కళ్లు చూశాక కాలు బ్రేకు మీదికి రావడానికి పట్టే సమయం పెరుగుతుంది.

మా ఫారంలో 'గత నెలలో తాగి బండి నడిపారా?' అని ఒక ప్రశ్న ఉండేది. అతను నాలుగు నెలలూ 'లేదు' అన్నాడు, నిజాయితీగానే. ఆ ప్రశ్నను నేను కొట్టేశాను. ఇప్పుడు అడిగేది ఇలా: చివరి గ్లాసు ఎన్ని గంటలకు? ఆ తర్వాత తాళం తిప్పింది ఎన్ని గంటలకు?

అతనికి గుర్తుండేలా ఒక సూత్రం కట్టాం. క్వార్టర్‌కు పది గంటలు. క్వార్టరున్నరకు పదిహేను. క్వార్టర్‌లో సగానికి ఐదు. ఆ గంటల్లో వ్యాన్ తాళం భార్య దగ్గరే ఉంటుంది. ఇది సున్నాకు చేరే లెక్క, 30కి చేరే లెక్క కాదు. 30 అన్నది చట్టం గీసిన గీత. దానికి ఒక అంకె తక్కువ ఉంటే చేయి స్థిరంగా ఉంటుందని ఏ శరీరమూ మాట ఇవ్వదు. బరువు తక్కువ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, కాలేయం చెడినవాళ్లకు ఈ గంటలు ఇంకా పెరుగుతాయి. కాబట్టి ఇది కనీసపు లెక్క మాత్రమే.

కోర్టు విషయం. అతని న్యాయవాది కేసు నడుపుదామన్నారు. మనిషి తూలలేదు, మాట తడబడలేదు, ఉదయం తాగలేదు. నోటి వాసన, తూలడం, మాట తడబడటం, కంటిపాపలు పెద్దవవడం వంటి గుర్తులతోనే తాగినట్టు నిర్ధారించకూడదని 1971లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది. అది సరైన తీర్పే. అలసటతో తూలే డ్రైవర్ మీద తప్పుడు కేసు పెట్టకుండా అది కాపాడుతుంది. కానీ 185వ సెక్షన్‌కు మనిషి ఎలా కనిపించాడన్నది అక్కరలేదు, పరీక్షలో తేలిన పరిమాణం చాలు. ఇక్కడ పరీక్ష జరిగింది, చీటీ ఉంది.

పోలీసులు పద్ధతి తప్పితే ప్రశ్నించే హక్కు డ్రైవర్‌కు ఉందని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఊదే గొట్టం కొత్తది వేయమని అడగవచ్చు. అప్పుడే నోట్లో ఏదైనా పోసుకుని ఉంటే పదిహేను నిమిషాలు ఆగమనవచ్చు, లేకపోతే నోట్లో మిగిలిన తడి అంకెను పెంచుతుంది. 202వ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి. ఇవన్నీ ఇతని విషయంలో సక్రమంగానే జరిగాయి. "పద్ధతిలో తప్పుంటే పోరాడండి. మీరే లెక్క వేసి చూసుకున్న అంకెతో మాత్రం పోరాడకండి" అన్నాను. అతను నేరం ఒప్పుకున్నాడు.

రెండోసారి కాబట్టి రెండేళ్ల జైలు దాకా పడవచ్చు. పదిహేను వేల జరిమానాతో, ఆరు నెలలు లైసెన్సు రద్దుతో సరిపెట్టారు. ఈ నేరం రుజువైతే కోర్టు ఆరు నెలలకు తక్కువ కాకుండా లైసెన్సు ఆపాలని 20వ సెక్షన్ చెబుతోంది. నన్నడిగితే మొత్తం శిక్షలో పని చేసింది ఇదొక్కటే. జరిమానా ఒక్క రోజు బాధ, అప్పు తెచ్చి కట్టేస్తే మరిచిపోతాం. లైసెన్సు లేని ఆరు నెలలు రోజూ పొద్దున్నే ఎదురుగా నిలబడతాయి. వ్యాన్‌కు బావమరిదిని పెట్టుకున్నాడు. కిరాయిలో సగం అతనికి పోయింది. కంతులు రెండు తప్పాయి. భార్య చెవి కమ్మలు బ్యాంకుకు వెళ్లాయి. ఆ భారం తప్పు చేసిన మనిషి ఒక్కడి మీదే పడలేదు, ఆమె మీదా పడింది. ఇది రాయకుండా శిక్ష బాగా పని చేసిందని రాస్తే అన్యాయం.

అక్టోబరు 27, సోమవారం. అతను దినపత్రిక చేతిలో పట్టుకుని వచ్చాడు. మూడు రోజుల ముందు, 24వ తేదీ తెల్లవారుజామున, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడింది. మోటారు సైకిల్ మీద వెళ్తున్న యువకుడు డివైడర్‌ను ఢీకొని పడిపోయి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండిని బస్సు తొక్కుకుంటూ ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. బస్సులో పందొమ్మిది మంది కాలిపోయారు. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. అంత ఘోరానికి కారణం ఒక్కటే అనడం తప్పు. బస్సు గురించి, దాన్ని నడిపిన తీరు గురించి అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. కౌన్సెలింగ్‌లో ఇలాంటి వార్తలు నేనుగా చూపించను. భయం రెండు వారాలకు మించి నిలవదు. కానీ ఇది అతనే తెచ్చాడు. అది నలభై నాలుగో నంబరు రహదారి, అతను రోజూ ఎక్కే రోడ్డే.

"తాగి పడితే నేనొక్కణ్ణే పోతాను, ఎవరికి నష్టం అని మా వాళ్లు అంటారు మేడమ్. నేనూ అన్నాను" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను తెంపలేదు.

వెళ్లేముందు ఒక సంగతి చెప్పాడు. ఈ కేసులో అతి ముఖ్యమైన విషయం అదే, అది కనిపెట్టింది నేను కాదు, అతను. లైసెన్సు లేక సాయంత్రాలు మంచం మీద కూర్చుని గమనించాడట. బావమరిదికి మార్కెట్‌లోని టోకు మండీ నుంచి రాత్రి మూడింటికి ఫోను వస్తుంది. 'ఏమప్పా, లోడుంది, వస్తావా?' అని. అప్పటిదాకా రేపు పని ఉందో లేదో తెలియదు. తెలియదు కాబట్టి తాగుతారు. "మూడింటికి ఫోను వస్తే, తాగి పడుకున్నవాడికి రాలేనని చెప్పే ధైర్యం ఉండదు మేడమ్. రానంటే రేపటి నుంచి ఆ లోడు ఇంకొకరిది."

తాగి నడపాలని ఆ డ్రైవర్లలో ఎవరూ స్టీరింగ్ పట్టుకున్నాక నిర్ణయించుకోవడం లేదు. ముందురోజు సాయంత్రం, రేపటి సంగతి తెలియని చీకట్లో, అది దానంతట అదే జరిగిపోతోంది. పోలీసు నిలబడేది ఉదయం ఆరింటికి. మనిషి నిజంగా నిలబడాల్సింది అంతకు పన్నెండు గంటల ముందు.

నవంబరులో అతన్ని వెంటబెట్టుకుని ఆ మండీ యజమాని దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, నలభై ఏళ్లుగా ఆ వ్యాపారంలో ఉన్న మనిషి. "తాగొద్దని నేను చెబితే వింటారా అమ్మా? అది వాళ్ల ఇంటి సంగతి" అన్నారు. తాగి నడపడానికి ప్రోత్సహించినవాళ్లకూ 188వ సెక్షన్ కింద శిక్ష ఉందని నాకు తెలుసు. దాన్ని బెదిరింపుగా వాడదలచుకోలేదు. ఒక్కటే అడిగాను. "రైతు బాక్సులు నింపేది ఎప్పుడు?" మధ్యాహ్నం కోత, సాయంత్రానికి బాక్సులు సిద్ధం. అంటే రేపు ఎన్ని బండ్లు కావాలో ఐదింటికే తెలుస్తుంది. "తెలుస్తుంది గానీ, రాత్రికి రైతు మనసు మారుతుంది. రేటు బాగుంటుందంటే ఇంకో మార్కెట్‌కు పంపుతాడు. అప్పుడు పిలిచినవాడికి ఏం చెప్పాలి?" ఆయన ఇబ్బంది నిజమైనదే.

గంటన్నర కూర్చున్నాం. దారి చూపింది మళ్లీ డ్రైవరే. సాయంత్రం ఐదింటికి రేపటి బండ్ల పట్టిక వేయాలి. పట్టికలో పేరున్నవాడు ఆ రాత్రి తాగడు. లోడు రద్దయితే అతనికి రెండు వందలు ఇవ్వాలి. ఆ రోజు తాగాలనుకున్నవాడు ఐదింటికే 'నాకు వద్దు' అనవచ్చు, అన్నందుకు మర్నాటి నుంచి పని తీసేయకూడదు. ఆ చివరి షరతు కోసం అతను గట్టిగా పట్టుబట్టాడు. యజమాని రెండు వందలకు ఒప్పుకున్నారు, దానికి ముందు చాలా గొణిగారు. ఆ మండీకి తిరిగే తొమ్మిది మంది డ్రైవర్లలో ఆరుగురు పట్టికలో చేరారు. ముగ్గురు చేరలేదు.

పోలీసుల నుంచి నేను కోరేది పెద్ద జరిమానాలు కాదు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు మధ్య, ఒకే చోట కాకుండా, మార్కెట్ దారుల్లో తరచూ తనిఖీ ఉంటే ఐదు గంటల ఫోనుకు విలువ పెరుగుతుంది. జూలైలో ఆ ఉదయపు తనిఖీ లేకపోతే నా తప్పు నాకు తెలిసేది కాదు. అది తెలిసేనాటికి రోడ్డు మీద ఏం జరిగి ఉండేదో ఆలోచించడానికే మనసు రావడం లేదు.

2026 జనవరిలో లైసెన్సు తిరిగి వచ్చింది. మూడు నెలల తర్వాత మళ్లీ ఆడిట్ ప్రశ్నావళి పెడితే 9 వచ్చాయి. వారానికి ఒక రాత్రి, ఒక్కోసారి రెండు, అదీ పట్టికలో పేరు లేని రోజుల్లోనే. పూర్తిగా మానలేదు. మానితే మంచిదని చెబుతూనే ఉన్నాను.

ఉగాది రోజు అతను ముందే పేరు వద్దన్నాడు. రాత్రి తొమ్మిదికి మండీ నుంచి ఫోను వచ్చింది. పట్టికలో ఉన్న ఒక బండి ఇంజిన్ పాడైంది, లోడు నీ మేనమామ పొలంలోనే ఉంది, వస్తావా అని. అప్పటికి అతను క్వార్టర్ ముగించాడు. రానన్నాడు. తర్వాత ఎవరికి చేస్తారని అడిగాడు. వాళ్లు చెప్పిన పేరు, అదే చాప మీద పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్న స్నేహితుడిది. పట్టికలో చేరని ముగ్గురిలో ఒకడు. "వాడూ తాగాడు, వాడికి చేయొద్దు" అని చెప్పి పెట్టేశాడట. స్నేహితుడు లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇంకే బండీ దొరకలేదు. టమోటా మధ్యాహ్నం మార్కెట్‌కు చేరేసరికి బాక్సుకు నలభై రూపాయలు తగ్గింది. మేనమామ అప్పటి నుంచి అతనితో మాట్లాడటం లేదు. వచ్చే బుధవారం ఆయన్ను ఎలాగైనా ఒప్పించి వెంటబెట్టుకు వస్తానని, క్వార్టర్ లెక్క ఆ కాగితం మీదే మళ్లీ మొదటి నుంచి వేసి చూపించమని అడిగాడు. కాగితం ఫైలులోంచి తీసి బల్ల మీద పెట్టాను.